మూడు... నాలుగైన చోట

డిక్టేషన్ అయిపోగానే ‘పలకలు మార్చుకోండి’ అనేవారు మాస్టారు. పక్కవాడి పలక మనం దిద్దాలి. మన పలక పక్కవాడు దిద్దాలి. చిన్నప్పుడు అందరం చేసిన పనే. కోట్ల డాలర్లు చేతులు మారే ఓ ఆట ఇప్పటికీ ఆ పలకల పద్ధతిలోనే నడుస్తోందంటే నమ్ముతారా? ఆ పద్ధతి ఓ మంచి ఆటగాడి నోటికాడి కూడు లాగేసిన చోటు అమెరికాలోని అగస్టా. ఆ పద్ధతి ఎందుకు ఉండాలో చెప్పే చోటు అక్కణ్నుంచి కారులో రెండున్నర గంటల దూరం!

జార్జియా రాష్ట్రం తూర్పు అంచున, సవానా నది ఒడ్డున ఉంటుంది అగస్టా. నది దాటితే సౌత్ కరోలినా. మామూలు రోజుల్లో అదో సాదాసీదా ఊరు. వాషింగ్టన్ రోడ్డు మీద వెళుతుంటే పెట్రోలు బంకులు, హోటళ్లు, దుకాణాలు... అమెరికాలో ఏ ఊళ్లోనైనా కనిపించేవే. ఆ రోడ్డు పక్కనే ఎత్తుగా పెరిగిన చెట్ల గోడ. దాని వెనకే ఉంది ప్రపంచంలో గోల్ఫ్ ఆడే ప్రతి ఒక్కరూ జీవితంలో ఒక్కసారైనా అడుగుపెట్టాలనుకునే అగస్టా నేషనల్. ఏటా ఏప్రిల్‌లో ‘మాస్టర్స్’ టోర్నమెంటు జరిగేది అక్కడే. విజేతకు తొడిగే పచ్చకోటు చాలా ప్రసిద్ధి.

గేటు దాటగానే మాగ్నోలియా లేన్. దారికి అటూ ఇటూ మాగ్నోలియా చెట్లు కొమ్మలు కలుపుకొని పందిరి వేసినట్టుంటాయి. వాటిని నాటింది గోల్ఫ్ వాళ్లు కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ మొక్కలు పెంచి అమ్మే పెద్ద నర్సరీ ఉండేది. 1931లో ఆ 365 ఎకరాలనూ కొని గోల్ఫ్ కోర్సుగా మార్చారు. నర్సరీ పోయినా మొక్కలు పోలేదు. కోర్సులోని పద్దెనిమిది హోల్స్‌కీ మొక్కల పేర్లే పెట్టారు. ఒకటోది టీ ఆలివ్, పదోది కమీలియా, పదమూడోది అజేలియా, పదిహేడోది నందీనా. చివరిది హాలీ.

టీవీలో చూస్తే పచ్చటి తివాచీ పరిచినట్టు చదునుగా కనిపిస్తుంది కానీ, నేల అంతా మిట్టపల్లాలే. క్లబ్ భవనం దగ్గర మొదలుపెట్టి వాగు దాకా దిగాలి. మళ్లీ ఆఖరి హోల్‌కి ఎగశ్వాసతో ఎక్కాలి. ఇక్కడ పరుగెత్తకూడదు. సెల్‌ఫోన్ తీసుకెళ్లకూడదు. ప్రేక్షకులను ప్రేక్షకులు అనరు, ‘పేట్రన్స్’ అంటారు. స్కోరు తెలుసుకోవాలంటే పెద్ద తెల్ల బోర్డుల వంక చూడాలి. వాటి మీద అంకెలు ఇప్పటికీ మనుషులే చేత్తో మారుస్తారు.

అంకెలంటే ఈ ఊరికి అంత పట్టింపు. కానీ ఊరు మరచిపోలేని అంకె ఒకటుంది. అది బోర్డు మీద తప్పు పడలేదు. అరచేతిలో పట్టే ఓ కార్డు మీద తప్పు పడింది.

పుట్టినరోజు కానుక

1968 ఏప్రిల్ 14. ఆదివారం. ఈస్టర్ పండగ. మాస్టర్స్ ఆఖరి రోజు. అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజోకు ఆ రోజుతో నలభై అయిదేళ్లు నిండాయి. అంతకుముందు సంవత్సరమే బ్రిటిష్ ఓపెన్ గెలిచినవాడు. పెద్దమనిషి తరహా, నవ్వు మొహం. ఇంగ్లిషు అంతంతమాత్రం.

మొదటి హోల్‌లో మామూలుగా నాలుగు షాట్లు పట్టాలి. డి విసెంజో కొట్టిన రెండో షాటే నేరుగా వెళ్లి గుంతలో పడింది. జనం ఆనందంతో ఊగిపోయారు. ‘హ్యాపీ బర్త్‌డే’ పాట అందుకున్నారు. ఆ తర్వాతి రెండు హోల్స్‌లోనూ ఒక్కో షాట్ మిగుల్చుకున్నాడు. అలా అలా పదిహేడోది... నందీనా దగ్గరికొచ్చాడు. అదీ నాలుగు షాట్ల హోలే. మూడింటిలో ముగించాడు. చుట్టూ ఉన్న వేలమంది చూశారు. ఇళ్లలో టీవీల ముందున్న లక్షలమంది చూశారు. పద్దెనిమిదో హోల్‌లో మాత్రం ఒక షాట్ ఎక్కువ పట్టింది. ఆ చిరాకు మొహంలో కనిపించింది.

అయినా ఆ రోజు మొత్తం 65. నాలుగు రోజులకూ కలిపి 277. వెనకాల ఆడుతున్న అమెరికన్ బాబ్ గోల్బీ కూడా సరిగ్గా 277 దగ్గరే ముగించాడు. ఇద్దరూ సమానం. నిబంధన ప్రకారం మర్నాడు సోమవారం ఇద్దరి మధ్యా మరో పద్దెనిమిది హోల్స్ పోటీ. అందరూ అలాగే అనుకున్నారు.

గోల్ఫ్‌లో ఎవరి స్కోరు వారు అధికారికంగా రాసుకోరు. ఆట మొదలయ్యేటప్పుడు కార్డులు మార్చుకుంటారు. తోటి ఆటగాడి స్కోరు మనం రాయాలి. మన స్కోరు అతను రాయాలి. రాసేవాణ్ని ‘మార్కర్’ అంటారు. ఆట అయ్యాక ఎవరి కార్డు వాళ్లు తీసుకుని, ఒక్కో హోల్‌కీ వేసిన అంకె సరిచూసుకుని, సంతకం పెట్టాలి. మార్కర్ కూడా సంతకం చేయాలి. అప్పుడే అది చెల్లుతుంది.

ఆ రోజు డి విసెంజోకు మార్కర్ టామీ ఆరన్. జార్జియా కుర్రాడే. పదిహేడో గడిలో అతను 3కు బదులు 4 వేశాడు. కావాలని చేసింది కాదు, చెయ్యి పొరపాటు. పద్దెనిమిదో హోల్ పక్కనే, జనం మధ్య, ఓ చిన్న బల్ల. దాని ముందు కూర్చున్న డి విసెంజో మనసింకా ఆఖరి షాట్ దగ్గరే ఉంది. కార్డు మీద చూపు పారించి సంతకం పెట్టేసి లేచి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఆరన్‌కే అనుమానం వచ్చింది. కార్డులో మొత్తం 66 వస్తోంది. తప్పు జరిగిందని అధికారులకు చెప్పింది కూడా అతనే. కానీ అప్పటికే ఆలస్యమైంది. అసలు స్కోరు కంటే తక్కువ వేసుకుని సంతకం పెడితే పోటీ నుంచి తీసేస్తారు. ఎక్కువ వేసుకుని పెడితే ఆ ఎక్కువే ఖాయం. అదీ నిబంధన. డి విసెంజో 278తో రెండో స్థానంలో మిగిలాడు. ఒక్క షాట్ తేడాతో పచ్చకోటు గోల్బీ భుజాలెక్కింది.

‘నేనెంత తెలివితక్కువవాణ్ని!’ అన్నాడు డి విసెంజో, తనకొచ్చిన ముక్కల ఇంగ్లిషులో. అంతే. ఆరన్‌ని ఒక్క మాట అనలేదు.

మంచం మీది న్యాయమూర్తి

తీర్పు చెప్పే ముందు అధికారులు కోర్సు లోపలే, పదో హోల్ పక్కనున్న కాటేజీకి వెళ్లారు. అందులో ఓ జబ్బుమనిషి మంచం మీద ఉన్నాడు. పేరు బాబీ జోన్స్. అగస్టా నేషనల్‌ను కట్టించినవాడు, గోల్ఫ్ చరిత్రలో మహామహుడు. వెన్నుపూస వ్యాధి ఆయన్ని కుర్చీకీ మంచానికీ కట్టేసింది. ఏదైనా దారి ఉందేమోనని అడిగితే, నిబంధన నిబంధనే అన్నాడాయన.

కర్కశంగా అనిపిస్తుంది కదూ? కానీ ఆ మాట అనడానికి ఆయనకో అర్హత ఉంది. 1925లో అమెరికన్ ఓపెన్ పోటీల్లో జోన్స్ షాట్ కొట్టబోతుంటే గడ్డిలో బంతి కాస్త కదిలింది. ఎవరూ చూడలేదు. ‘బంతి కదిలింది, నాకో షాట్ జరిమానా వేయండి’ అని ఆయనే పట్టుబట్టాడు. ఆ ఒక్క షాటే లేకపోతే నేరుగా టైటిల్ ఆయనదే. అది కలిసేసరికి టై అయింది. తర్వాత జరిగిన ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. జనం మెచ్చుకోబోతే చిరాకుపడ్డాడట... బ్యాంకు దోచుకోనందుకు మనిషిని పొగుడుతారా అని!

తను పోగొట్టుకున్నచోట మరొకరికి సడలింపు ఇవ్వలేకపోయాడు జోన్స్. ఆయన మాస్టర్స్‌కు రావడం అదే ఆఖరు. 1971లో కన్నుమూశాడు.

అయితే నిజాయతీ గురించి ఇంత పట్టుదల చూపిన అగస్టాకు మరో మొహమూ ఉంది. ఆ రోజుల్లో తెల్ల ఓవరాల్స్ వేసుకుని బ్యాగులు మోసే అక్కడి క్యాడీలు నల్లజాతివారే. ప్రతి షాట్‌నూ అందరికంటే దగ్గర నుంచి చూసేది వాళ్లే. కార్డు మీద సంతకం మాత్రం వాళ్లది కాదు. మాస్టర్స్‌లో నల్లజాతి ఆటగాడు తొలిసారి ఆడింది 1975లో. క్లబ్బులో నల్లజాతి సభ్యుడు చేరింది 1990లో, మహిళలు చేరింది 2012లో. ‘మాట మీద నమ్మకం’ అనే నియమం గొప్పదే. ఎవరి మాటను నమ్మాలో నేర్చుకోవడానికి మాత్రం అగస్టాకు చాలాకాలం పట్టింది.

ఒక్క ఊరి కథ కాదు

కార్డు కాటు తిన్నది డి విసెంజో ఒక్కడే కాదు. అంతకు పదకొండేళ్ల ముందే, 1957లో, న్యూయార్క్ దగ్గరి వింగ్డ్ ఫుట్ కోర్సులో అమెరికన్ మహిళల ఓపెన్ జరిగింది. హవాయి నుంచి వచ్చిన జాకీ పంగ్ అందరికంటే తక్కువ స్కోరు చేసింది. ఆమె, ఆమెకు మార్కరైన బెట్టీ జేమ్సన్... ఇద్దరూ నాలుగో హోల్ దగ్గర ఒకరి కార్డులో ఒకరు 6కు బదులు 5 వేశారు. విచిత్రమేమిటంటే, పంగ్ కార్డు మీద మొత్తం మాత్రం సరిగ్గానే ఉంది! కానీ నిబంధనకు కావాల్సింది మొత్తం కాదు, గడిలోని అంకె. ఇద్దర్నీ పోటీ నుంచి తీసేశారు. ఆ క్లబ్బు సభ్యులూ అక్కడున్నవాళ్లూ జేబుల్లో డబ్బులు తీసి చందాలు పోగేసి పంగ్ చేతిలో పెట్టారు. అది విజేతకు దక్కిన బహుమతి కంటే ఎక్కువే.

2003లో ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్ ఊళ్లో బ్రిటిష్ ఓపెన్. మూడో రోజు మార్క్ రో అద్భుతంగా ఆడి 67 కొట్టాడు. మర్నాడు టైగర్ ఉడ్స్ పక్కన ఆడే అవకాశం. కానీ ఆట మొదట్లో అతనూ జెస్పర్ పార్నవిక్ కార్డులు మార్చుకోవడం మరచిపోయారు. ఒకరి స్కోరు మరొకరి పేరున్న కార్డులో పడింది. ఇద్దరూ ఇంటికే! తర్వాత ఇలాంటి పొరపాటును సరిదిద్దుకునే వీలు కల్పించారు కానీ, రోకు మాత్రం ఆ ఆదివారం మళ్లీ రాలేదు.

ఇక 2024 ఫిబ్రవరిలో, లాస్ ఏంజెలెస్ రివియెరా కోర్సులో జోర్డాన్ స్పీత్ వంతు. నాలుగో హోల్‌లో 4 పడితే కార్డులో 3 ఉంది. చూసుకోకుండా సంతకం పెట్టి బయటికొచ్చేశాడు. అతను కొట్టినవి నాలుగని టీవీ చూసినవాళ్లందరికీ తెలుసు. అయినా ప్రయోజనం లేదు. తప్పు నాదేనని ఒప్పుకొని వెళ్లిపోయాడు.

యంత్రం ఉండగా మనిషెందుకు?

ఇక్కడే సహజంగా ఓ ప్రశ్న. క్రికెట్‌లో బౌలర్ స్కోరును బ్యాట్స్‌మన్ రాస్తాడా? గల్లీ క్రికెట్‌లో బ్యాటింగ్ జట్టు కుర్రాడు అంపైరింగ్ చేస్తేనే తలలు పగులుతాయి. పోటీలో ఉన్నవాడి చేతికే కార్డివ్వడం పిల్లిని పాలకు కాపలా పెట్టడం కాదా?

పూర్వం వేరే దారి లేదు. వందల ఎకరాల్లో చెల్లాచెదురుగా డజన్లకొద్దీ జట్లు. ఒక్కో జట్టు వెనక ఒక్కో అంపైరును ఎక్కడి నుంచి తేగలరు? పక్కనే నడిచే తోటి ఆటగాడే సాక్షి. కానీ ఇప్పుడలా కాదు. అమెరికా పెద్ద టోర్నీల్లో ప్రతి షాట్‌నూ లేజర్లతో, కెమెరాలతో అంగుళాల లెక్కన కొలిచే ఏర్పాటుంది. ప్రతి జట్టు వెంటా స్కోరు నమోదు చేసే వాలంటీరు నడుస్తాడు. పదిహేడో హోల్‌లో ఎన్ని కొట్టాడో అర నిమిషంలో హైదరాబాద్‌లో సోఫాలో కూర్చున్నవాళ్లకూ తెలిసిపోతుంది. మరి పెన్సిలు, కార్డు, సంతకం... ఈ తంతంతా దేనికి? చెయ్యి తడబడితే బతుకు తలకిందులు కావాల్సిందేనా?

ఈ వాదనలో న్యాయం ఉంది. నిబంధనలు రాసేవాళ్లు కూడా కొంత దిగొచ్చారు. 1968 తర్వాత అగస్టాలో ఆ బల్ల జనం మధ్యలో లేదు. ఆటగాళ్లు ప్రశాంతంగా కూర్చుని కార్డు చూసుకునేందుకు వేరే చోటు ఏర్పాటు చేశారు. తనకు జరిమానా పడిందన్న సంగతే తెలియక తక్కువ స్కోరుకు సంతకం పెట్టినవాళ్లను పోటీ నుంచి తీసేయడం మానేశారు. టీవీలో చూసి ఫోన్లు చేసే ప్రేక్షకుల ఫిర్యాదులు వినడం 2018 నుంచి ఆపేశారు. అంతా బాగానే ఉంది. కానీ కార్డు మార్చుకోవడాన్ని మాత్రం వదల్లేదు.

ఎందుకు వదల్లేదో తెలియాలంటే అగస్టా నుంచి పడమటికి బయల్దేరాలి.

ఈస్ట్ లేక్‌లో ఇసుక

హైవే మీద అట్లాంటా వైపు దాదాపు 230 కిలోమీటర్లు. దారంతా పైన్ చెట్లు, ఎర్రమట్టి. నగరం పొలిమేరల్లో ఈస్ట్ లేక్ కోర్సు కనిపిస్తుంది. బాబీ జోన్స్ చిన్నప్పుడు గోల్ఫ్ నేర్చుకున్నది ఇక్కడే. అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కువే. నగరానికి ఉత్తరాన జాన్స్ క్రీక్, ఆల్ఫరెటా, కమింగ్ ప్రాంతాల్లో తెలుగు మాటలు తరచూ వినిపిస్తాయి. 2024లో ఈ కోర్సులో ఓ తెలుగు పేరు కూడా మారుమోగింది... సాహిత్ తీగల.

అమ్మానాన్నల ఊరు హైదరాబాద్. సాహిత్ పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. 2023లో తొలిసారి మాస్టర్స్ ఆడి మొదటి పదిమందిలో నిలిచాడు. 2024లో ఈస్ట్ లేక్‌లో టూర్ ఛాంపియన్‌షిప్ ఆడుతున్నాడు. ఏడాది పొడవునా బాగా ఆడిన ముప్పైమందికే అందులో చోటు. మూడో రోజు, మూడో హోల్. బంతి ఇసుక గుంతలో పడింది. ఇసుకలో షాట్ కొట్టేముందు కర్ర వెనక్కి తీసేటప్పుడు ఇసుకను తాకించకూడదు. తాకితే రెండు షాట్ల జరిమానా.

సాహిత్ షాట్ కొట్టాడు. వెంటనే ఆగిపోయాడు. కర్ర వెనక్కి తీసేటప్పుడు కాసింత ఇసుక కదిలినట్టు అనిపించింది. పక్కన ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ సంగతి తనే తోటి ఆటగాడికి చెప్పాడు. అధికారిని పిలిచి చెప్పాడు. తాకిందనే నా నమ్మకం అన్నాడు. రెండు షాట్లు కలిపేశారు.

చివరికి సాహిత్ మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానంలో ఉన్న కాలిన్ మొరికావాకూ తనకూ తేడా ఎంతో తెలుసా? సరిగ్గా రెండు షాట్లు! రెండో స్థానానికి కోటీ పాతిక లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షల డాలర్లు. ఆ రెండూ లేకుంటే ఇద్దరూ సమానమై ఆ మొత్తాన్ని పంచుకునేవాళ్లు. అంటే లెక్క ప్రకారం చిటికెడు ఇసుక ఖరీదు పాతిక లక్షల డాలర్లు. మన రూపాయల్లో ఇరవై కోట్లకు పైమాటే. జోన్స్ ఆడి పెరిగిన నేల మీదే, తొంభై తొమ్మిదేళ్ల తర్వాత, మన ఊళ్ల మూలాలున్న కుర్రాడు అదే పని చేశాడు.

లేజరు బంతి ఎంత దూరం వెళ్లిందో చెబుతుంది. ఎన్ని షాట్లో లెక్కపెడుతుంది. కానీ ఇసుక రేణువు కదిలిందేమో అని గుండెలో కలిగే అనుమానాన్ని అది కొలవలేదు. తన తప్పు తానే చెప్పుకోవడం ఒక్కరోజులో వచ్చే అలవాటు కాదు. పదేళ్ల వయసులో మొదటిసారి పక్కవాడి కార్డు చేతిలోకి తీసుకున్న రోజు నుంచే అది మొదలవుతుంది. ‘నీ లెక్క నా దగ్గర ఉంది, నా లెక్క నీ దగ్గర ఉంది’ అన్న ఆ చిన్న ఒప్పందమే రేపు ఎవరూ చూడనిచోట నోరు విప్పిస్తుంది. కార్డు తీసేసి అంతా కెమెరాకు వదిలేస్తే? కెమెరా చూడనిదేదీ జరగనట్టే అనుకునే రోజు వస్తుంది.

అలాగని పెన్సిలు తడబాటుకు ఉరిశిక్ష అక్కర్లేదు. కూడికలూ గడులూ యంత్రం సరిచూడనీ. తేడా ఉంటే సంతకానికి ముందే ‘ఇది మరోసారి చూడండి’ అని ఆపనీ. కానీ కార్డు మాత్రం తోటి ఆటగాడి చేతిలోనే ఉండనీ. డి విసెంజోకు కావాల్సింది వేరే మార్కర్ కాదు. లేవబోతుంటే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టే ఒక్క మనిషి.

మళ్లీ అగస్టాకు...

డి విసెంజో మళ్లీ మాస్టర్స్ గెలిచే దాకా రాలేదు. 2017లో తొంభై నాలుగేళ్ల వయసులో స్వదేశంలో కన్నుమూశాడు. గెలిచిన గోల్బీకీ సుఖం దక్కలేదు. దొంగ గెలుపంటూ ఉత్తరాలు వచ్చాయి. అతను చేసిన తప్పేమీ లేదు. 2022లో ఆయనా వెళ్లిపోయాడు.

మరి ఆ 4 వేసిన టామీ ఆరన్? అయిదేళ్ల తర్వాత, 1973లో, అదే అగస్టాలో ఆఖరి రోజు అతను అందరికంటే ముందున్నాడు. ఆ రోజు అతనికి మార్కర్ జానీ మిల్లర్. ఆట అయిపోయింది. కార్డు చేతికొచ్చింది. ఆరన్ తొందరపడలేదు. ఒక్కో గడి మీదా వేలు పెట్టినంత శ్రద్ధగా చూసుకుంటూ వచ్చాడు. పదమూడో గడి దగ్గర చూపు ఆగింది. తను కొట్టింది 4. మిల్లర్ వేసింది 5!

చెప్పాడు. దిద్దారు. అప్పుడు సంతకం పెట్టాడు. ఒక్క షాట్ తేడాతో పచ్చకోటు అతనిదైంది.